బీరువాలో ఉండిపోయిన మాస్టర్ చార్టులు: మన పాము కాటు థీసిస్‌ల డేటా అందరికీ తెరవగలమా?

విభాగం: వైద్య పరిశోధన, గుంటూరు – విజయవాడ

పల్నాటి పీజీ (జనరల్ మెడిసిన్, గుంటూరు)
శనివారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. నేను ఎండీ మూడో ఏడులో ఉన్నాను. నా థీసిస్ పాము కాటు తర్వాత కిడ్నీలు దెబ్బతినడం మీద. రిఫరెన్సుల కోసం డిపార్ట్‌మెంటు బీరువా తెరిస్తే నాకంటే ముందు బ్యాచ్‌ల వాళ్ళు పాము కాటు మీద చేసిన థీసిస్‌లు వరసగా కనిపించాయి. నల్ల అట్ట, బంగారు రంగు అక్షరాలు. ఒకరు ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) డోసు మీద చేశారు, ఒకరు రక్తం గడ్డకట్టే పరీక్ష మీద, కొందరు నాలాగే కిడ్నీల మీద. ఒకరు 50 మందిని చూస్తే ఇంకొకరు 60, మరొకరు 100.

అన్నీ ముందేసుకుని చివరి పేజీలు తిప్పాను. పీజీ చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ప్రతి థీసిస్ చివర మాస్టర్ చార్ట్ ఉంటుంది. రోగికో వరస. వయసు, ఆడా మగా, ఏ పాము, కాటు ఎక్కడ పడింది, ఆస్పత్రికి చేరడానికి ఎన్ని గంటలు పట్టింది, ఎన్ని వయల్స్ (ఏఎస్‌వీ సీసాలు) ఎక్కించారు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎంత, డయాలసిస్ పడిందా, బతికారా. కాగితం అడ్డంగా తిప్పి సన్నటి అక్షరాల్లో ప్రింటు తీసిన ఆ నాలుగైదు పేజీలే రెండేళ్ళపాటు క్యాజువాల్టీలో నిలబడి పోగేసుకున్న అసలు సరుకు. వైవా అయిపోయాక వాటిని మళ్ళీ ఎవరూ తెరిచినట్టు లేదు.

ఇంకో సంగతి. ఏ థీసిస్ ముగింపు చూసినా ఒకటే వాక్యం: రోగుల సంఖ్య తక్కువ కాబట్టి ఇంతకన్నా పెద్ద అధ్యయనం జరగాలి. ఆ పెద్ద అధ్యయనం అదే అరలో పక్కపక్కనే నిలబడి ఉంది, కలిపి చూసినవాళ్ళు లేరంతే.

2020లో వచ్చిన లెక్క ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. ఏడాదికి సగటున 58,000 మంది. బాగా ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఇన్ని ప్రాణాలు పోయే చోట, ఉన్న వివరాలు కూడా తాళం వెనకే ఉండిపోతున్నాయి.

నా ఆలోచన: ఈ చార్టులన్నీ టైపు చేసి, పేర్లూ ఐపీ (ఇన్‌పేషెంటు) నెంబర్లూ తీసేసి, ఒకే పట్టీగా ఎవరైనా వాడుకునేలా పెడితే? గుంటూరువీ విజయవాడవీ కలిపితే కొన్ని వందల వరసలు వస్తాయి. ఎవరైనా ఇలాంటి పని చేశారా? ఏం అడ్డొస్తుంది?

కృష్ణలంక స్టాట్స్ (బయోస్టాటిస్టిక్స్ అధ్యాపకుడు, విజయవాడ)
శనివారం, రాత్రి 11:02

డాక్టర్ గారూ, ఈ మాట ఎవరో ఒకరు అంటారని చాలా కాలంగా చూస్తున్నాను. చేయాల్సిన పనే.

కలపడం వల్ల ఏమొస్తుందో మలేరియా వాళ్ళు చూపించారు. మలేరియా క్రిమి మందులకి లొంగకపోవడం మీద 2009లో ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా ఒక ప్రపంచ నెట్‌వర్క్ మొదలైంది. దేశదేశాల్లో చిన్నచిన్నగా జరిగిన ట్రయల్స్ నుంచి రోగికో వరస చొప్పున అసలు డేటా తెప్పించుకుని, అన్నిటినీ ఒకే తీరుకి తెచ్చి కలిపారు. డైహైడ్రోఆర్టెమిసినిన్–పిపెరాక్విన్ మందు విషయంలో 2013లో ఒకటి బయటపడింది: అయిదేళ్ళలోపు పిల్లలకి బరువును బట్టి చూస్తే డోసు చాలడం లేదు, జబ్బు తిరగబెడుతున్నది ఎక్కువగా వాళ్ళలోనే. విడిగా చేసిన ట్రయల్స్‌లో ఒక్కోదాంట్లో ఆ వయసు పిల్లలు కొద్దిమందే కాబట్టి ఎవరికీ స్పష్టంగా కనపడలేదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చిన్నపిల్లల డోసు పెంచింది. కొత్తగా ఒక్క ట్రయల్ కూడా మొదలుపెట్టకుండా తేలిన విషయం ఇది.

అయితే కలపడమంటే ఒక ఎక్సెల్ కింద ఇంకో ఎక్సెల్ అతికించడం అనుకోవద్దు. రక్తం గడ్డకడుతోందా అని చూసే 20 నిమిషాల పరీక్షే తీసుకోండి. ఒకరి చార్టులో 'పాజిటివ్' అంటే రక్తం గడ్డకట్టలేదని. ఇంకొకరి చార్టులో అదే మాటకి గడ్డకట్టిందని. చార్టు కింద ఇచ్చే కీ చదవకుండా కలిపితే విషం ఎక్కినవాళ్ళు ఆరోగ్యవంతుల కింద జమ అవుతారు. కిడ్నీ దెబ్బతినడానికి కూడా ఒకరు క్రియాటినిన్ 1.5 దాటితే అంటారు, ఇంకొకరు మొదటి రోజుకంటే ఎంత పెరిగిందో చూస్తారు. అందుకని అవును, కాదు అని కుదించి రాసినవి పక్కన పెట్టి, అసలు క్రియాటినిన్ అంకెలు ఎవరి దగ్గర ఉన్నాయో చూడండి. అంకె ఉంటే నిర్వచనం ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

తేదీలు కూడా. 05/07 అంటే మే 7 అనుకోవాలా, జూలై 5 అనుకోవాలా? కంప్యూటరు ఒకటి అనుకుంటుంది, మనం ఒకటి.

పాత ప్రొఫెసర్ (విశ్రాంత వైద్య ఆచార్యుడు, గుంటూరు)
ఆదివారం, ఉదయం 6:20

అమ్మాయ్, నీ ఆలోచన మంచిది. అభ్యంతరం చెప్పడానికి రాయడం లేదు, కానీ నా మనసులో ఉన్నవి చెప్పకపోతే తప్పవుతుంది.

ఆ వరసలు రాసింది ఎవరు? రాత్రి రెండింటికి ట్రాక్టరు మీద వచ్చిన రోగికి గ్లాసు ట్యూబులో రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా పెట్టి, వంచి చూసిన పీజీ. ఆ పిల్ల పేరు ఎక్కడా లేకుండా, ఎప్పుడూ వార్డులో అడుగు పెట్టనివాళ్ళు ఆ అంకెలతో పెద్ద జర్నల్‌లో పేపరు వేసుకుంటే ఆమెకి ఏం మిగులుతుంది? ఈ బాధ మనకొక్కళ్ళకే లేదు. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ సంపాదకీయంలోనే, ఇతరుల డేటా మీద బతికేవాళ్ళని కొందరు పరిశోధకులు పరాన్నజీవులు అంటున్నారని రాశారు. దాని మీద చాలా విమర్శ వచ్చింది, ఆ మాట పరుషమైనదే. అయినా దాని వెనకున్న భయం ఊరికే పుట్టలేదు.

రెండోది ఇండోనేషియా కథ. బర్డ్ ఫ్లూ వైరస్ నమూనాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా పంపుతూ వచ్చిన ఆ దేశం 2007లో ఆపేసింది. మా నమూనాలతో కంపెనీలు టీకాలు చేస్తే ఆ టీకాలు కొనే స్తోమత మాకే లేదు అన్నది వాళ్ళ ప్రశ్న. నాలుగేళ్ళు చర్చలు జరిగాక 2011లో, నమూనాలు ఇచ్చినవాళ్ళకి ఫలితంలోనూ వాటా ఉండాలని ఒప్పందం కుదిరింది. పల్నాడు రైతు రక్తం నుంచి వచ్చిన అంకెలు తీసుకెళ్ళి ఎవరో ఏదో కనిపెడితే, అది పల్నాడు పీహెచ్‌సీకి తిరిగి రావాలి కదా? తెరిచేటప్పుడే ఆ షరతు రాసుకోండి. తర్వాత ఎవరూ వినరు.

దివిసీమ రైతుబిడ్డ (అవనిగడ్డ)
ఆదివారం, ఉదయం 8:47

నేను డాక్టర్ని కాదండీ, మామూలుగా చదువుతుంటాను ఇక్కడ. మా బాబాయిని నాలుగేళ్ళ కిందట వరి చేలో రక్తపింజర కరిచింది. చెప్పుల్లేకుండా గట్టు మీద నడుస్తున్నాడు. ముందు దగ్గరి ఆస్పత్రి, అక్కణ్ణించి పెద్దాస్పత్రి. మూత్రం ఆగిపోయి చాలా రోజులు డయాలసిస్ చేశారు. దేవుడి దయవల్ల ఇప్పుడు బాగున్నాడు.

అప్పుడు ఒక డాక్టరమ్మ వచ్చి ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకుంది. పిన్ని వేలిముద్ర వేసింది. ఆ కాగితంలో ఏముందో అప్పుడు మాకు అడిగే స్థితి లేదు. ఇప్పుడు ఈ చర్చ చూస్తుంటే, మా బాబాయి కూడా ఏదో చార్టులో ఒక వరస అయ్యుంటాడనిపిస్తోంది.

నా ప్రశ్న ఒకటే. మీరు పేరు తీసేస్తామంటున్నారు. మా ఊళ్ళో ఆ ఏడు రక్తపింజర కరిచి డయాలసిస్‌కి వెళ్ళినవాడు ఒక్కడే. వయసు, ఊరు, నెల చెబితే చాలు, పేరెందుకు? పాము కాటులో దాచేదేముంది అనొచ్చు. కానీ అదే వరసలో షుగరుందా, తాగుతాడా, ఇంకేం జబ్బులున్నాయి అని కూడా ఉంటాయంటగా.

అలాగని వద్దంటం లేదు. బాబాయిని అడిగాను. "నా లెక్క పనికొస్తే వాడుకోమను, ఊళ్ళో మాత్రం చెప్పొద్దను" అన్నాడు.

పటమట డేటా (ఆరోగ్య డేటా ఇంజనీరు, విజయవాడ)
ఆదివారం, ఉదయం 9:30

అన్నా, మీ బాబాయి గారన్నది ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద సమస్య.

1997లో అమెరికాలో లటన్యా స్వీనీ అనే విద్యార్థిని పేర్లు తీసేసిన ఆస్పత్రి రికార్డుల్లోంచి మసాచుసెట్స్ గవర్నరు రికార్డును పట్టుకుంది. ఓటర్ల జాబితాతో పోల్చి చూసింది, అంతే. పుట్టిన తేదీ, పిన్ కోడ్, ఆడా మగా ఈ మూడే ఉంటే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని తర్వాత లెక్క వేసింది. ఊరి పేరు, కాటు తేదీ ఉన్న మన చార్టులో అయితే ఓటర్ల జాబితా కూడా అక్కర్లేదు, టీ కొట్టు దగ్గర అడిగితే చెప్తారు.

దారి ఉంది. బోస్టన్‌లోని ఒక ఆస్పత్రి ఐసీయూ రికార్డులు మిమిక్ అనే పేరుతో ప్రపంచమంతా వాడుతోంది. మూడో వెర్షన్‌లోనే 2001 నుంచి 2012 వరకు చేరిన 40,000 మందికి పైగా రోగులున్నారు. అందులో ఒక్కో రోగి తేదీలన్నిటినీ కలిపి ఒకే దూరం జరిపేశారు. తెరిచి చూస్తే రోగులు 2100 తర్వాత సంవత్సరాల్లో ఆస్పత్రిలో చేరినట్టుంటుంది. చేరిన ఎన్ని గంటలకి క్రియాటినిన్ పెరిగిందన్న లెక్క మాత్రం చెక్కుచెదరదు. సుమారుగా ఏ కాలమో కూడా నిలుస్తుంది. మనకి అది చాలా ముఖ్యం, పాము కాటుకి నాట్లకీ కోతలకీ సంబంధం ఉంది కాబట్టి.

ఊరికి బదులు ఆస్పత్రికి ఎంత దూరమో కొన్ని మెట్లుగా ఇవ్వొచ్చు: 10 కిలోమీటర్ల లోపు, 10 నుంచి 30, ఆపైన. వయసు అయిదేళ్ళ మెట్లుగా. ఒకే తీరులో ఉన్నవాళ్ళు అయిదుగురి కంటే తక్కువగా ఉంటే మెట్టు పెద్దది చేయాలి. అప్పుడు మీ బాబాయి గారు గుంపులో కలిసిపోతారు.

ఇంకోటి, 'అందరికీ తెరవడం' అంటే గేటు లేకుండా వదిలేయడమని అర్థం కాదు. మిమిక్ కావాలంటే మనుషుల మీద పరిశోధన నియమాల కోర్సు పాసవ్వాలి, రోగిని గుర్తుపట్టే ప్రయత్నం చేయనని ఒప్పంద పత్రం మీద సంతకం చేయాలి. డబ్బు అడగరు, పలుకుబడీ అక్కర్లేదు. గుంటూరు విద్యార్థికీ హార్వర్డ్ ప్రొఫెసరుకీ ఒకటే వాకిలి.

పేరొద్దు పీజీ
ఆదివారం, మధ్యాహ్నం 1:12

ఒక మాట. అన్ని మాస్టర్ చార్టులూ నిజం అని ఎవరు చెప్పారు? గడువు దగ్గర పడ్డాక డబ్బులిచ్చి నింపించుకున్నవి ఉన్నాయి. నేను కళ్ళారా చూశాను. అవన్నీ కలిపితే చెత్తలో చెత్త కలుస్తుంది. చాలామంది ఒప్పుకోకపోవడానికి కారణం కూడా అదే, రోగి గోప్యత అని పైకి చెప్పినా.

కృష్ణలంక స్టాట్స్
ఆదివారం, మధ్యాహ్నం 2:05

రాసినందుకు ధన్యవాదాలు. ఇది దాచుకుంటే పెరిగే జబ్బు.

జాన్ కార్లైల్ అనే మత్తు వైద్యుడు ఇంగ్లండులో ఒక జర్నల్‌కి వచ్చిన ట్రయల్స్ పరిశీలిస్తాడు. 2017 ఫిబ్రవరి నుంచి 2020 మార్చి వరకు వచ్చిన 526 ట్రయల్స్ మీద తన లెక్క ప్రచురించాడు. రోగికో వరస ఉన్న అసలు పట్టీ చేతికొచ్చినవి 153. వాటిలో 67 ట్రయల్స్‌లో, అంటే 44 శాతంలో, అబద్ధపు డేటా దొరికింది. పట్టీ రాని మిగతా 373లో అతను పట్టుకోగలిగింది 6 మాత్రమే. సగటులు, శాతాలు వేసిన టేబుళ్ళు చూస్తే అంతా శుభ్రంగానే ఉంటుంది. వరసలు చూస్తేనే ఒకే ముక్క రెండుసార్లు అతికించిన సంగతి తెలుస్తుంది.

చేత్తో కల్పించిన అంకెలు నేనూ చూశాను. బీపీలన్నీ సరిసంఖ్యలు అయితే మామూలే, కానీ 60 మంది రోగుల్లో ఒక్కరి క్రియాటినిన్ కూడా తగ్గి మళ్ళీ పెరగకుండా అందరిదీ ఒకే వాలులో దిగితే ఆగి చూడాలి. శరీరం అంత క్రమశిక్షణగా ఉండదు. అనుమానం వచ్చిన చార్టుని గుర్తు పెట్టి పక్కన ఉంచుదాం. ఎవరినీ రచ్చకీడ్చే పని మనది కాదు. ఇకమీదట నా చార్టు నలుగురు చూస్తారని తెలిస్తే రాబోయే బ్యాచ్‌ల చేతులు జాగ్రత్తపడతాయి.

పాత ప్రొఫెసర్
ఆదివారం, సాయంత్రం 5:40

ఒప్పుకుంటాను. మరి తొందర గురించి ఏమంటారు? ఇప్పుడు అందరూ త్వరగా, త్వరగా అంటున్నారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ తొందరలోనే కదా లాన్సెట్ అంతటి వైద్య పత్రిక హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు మీద తప్పుడు పేపరు వేసింది. 671 ఆస్పత్రులు, 96,000 మందికి పైగా రోగులు అన్నారు. మే 22న వేశారు, జూన్ 4న వెనక్కి తీసుకున్నారు. ఈ మధ్యలో ఆ పేపరు చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందు విభాగాన్ని కొన్నాళ్ళు ఆపేసింది.

పటమట డేటా
ఆదివారం, సాయంత్రం 6:15

సార్, ఆ పేపరు కూలింది డేటా మూసి ఉన్నందుకే. దాని వెనక ఉన్న సంస్థ అసలు రికార్డులు ఆ పేపరు మిగతా రచయితలకి కూడా చూపించలేదు. ఆస్ట్రేలియాలో నమోదైన మరణాల కంటే ఎక్కువ మరణాలు అందులో ఉన్నాయని బయటివాళ్ళు పట్టుకోబట్టి రెండు వారాల్లో తేలింది. అదే వరసలు మొదటి రోజే తెరిచి ఉంటే పేపరే వచ్చేది కాదు.

అదే ఏడాది తెరిచి పెట్టినది ఎలా పనిచేసిందో కూడా చూశాం. చైనాలో చాంగ్ యోంగ్‌జెన్ బృందం చదివిన కరోనా వైరస్ జన్యు క్రమాన్ని 2020 జనవరి రెండో వారంలో ఆయన సహచర శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హోమ్స్ ఇంటర్నెట్‌లో పెట్టారు. వైరస్ శాంపిల్ చేతికి రాకుండానే, ఆ అక్షరాలు చూసి టీకా నమూనా గీసుకున్నారు. మార్చి 16న మోడర్నా టీకా మొదటి డోసు ఒక మనిషికి వేశారు. దీనికి పునాది 1996లో బెర్ముడాలో పడింది. మానవ జన్యు పటం చదువుతున్నవాళ్ళు కూర్చుని, చదివిన క్రమాన్ని 24 గంటల్లో అందరికీ విడుదల చేయాలని ఒప్పుకున్నారు. పేపరు వచ్చేదాకా ఆగేది లేదు అన్నారు. కరోనా నాటికి పాతికేళ్ళుగా అది అలవాటయిపోయింది.

బెజవాడ నెఫ్రో (కిడ్నీ వైద్యురాలు)
ఆదివారం, రాత్రి 9:50

ఆలస్యంగా చూశాను, క్షమించండి. డయాలసిస్ వైపు నుంచి చెప్తాను.

వానాకాలం మొదలయ్యాక మా దగ్గరికి వచ్చే పాము కాటు కేసుల్లో అసలు తెలియాల్సింది ఒకటి. ఎంత ఏఎస్‌వీ చాలు? ఎప్పుడు ఆపాలి? మన దేశంలో వాడే విరుగుడు నాలుగు పాముల మీద పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. దాని తయారీకి విషంలో ఎక్కువ భాగం తమిళనాడులో ఇరుల తెగవాళ్ళ సహకార సంఘం నుంచి వస్తుంది. ఒకే జాతి పామైనా ప్రాంతాన్ని బట్టి విషం తీరు మారుతుందని తెలుసు. మరి కృష్ణా డెల్టా రక్తపింజరకి ఆ విరుగుడు ఎంత బాగా పనిచేస్తోంది? పుస్తకంలో ఉన్న డోసు మన దగ్గర సరిపోతోందా, ఎక్కువవుతోందా? ఈ ప్రశ్నకి జవాబు మా వార్డుల్లో పడి ఉన్న అంకెల్లో ఉంది. 60 మందితో తేలదు. 600 మందితో కొంత తేలవచ్చు.

2024 మార్చిలో కేంద్రం పాము కాటు మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది, 2030కి మరణాలు సగానికి తగ్గాలని. అదే ఏడాది చివర్లో, పాము కాటు కేసులు తప్పనిసరిగా తెలియజేసేలా చూడమని రాష్ట్రాలకి లేఖ కూడా రాసింది. ముందుకెళ్ళే కేసుల లెక్క అలా వస్తుంది. వెనకటి ఇరవై ఏళ్ళది మాత్రం ఈ థీసిస్‌లలోనే ఉంది.

రికార్డు రూము (మెడికల్ రికార్డ్స్ విభాగం ఉద్యోగి)
సోమవారం, ఉదయం 7:35

డాక్టర్ గార్లందరికీ నమస్కారం. నేను కేస్ షీట్లు కట్టలు కట్టే మనిషిని. మీకు తెలియని రెండు సంగతులు చెప్తాను.

మీ మాస్టర్ చార్టుల్లో 'వయల్స్' అనే గడి ఉంటుంది కదా. ఆ అంకె మా ఆస్పత్రి షీటులోంచి రాస్తారు. కానీ సగం మంది రోగులు ముందు పీహెచ్‌సీకో ఏరియా ఆస్పత్రికో వెళ్ళి అక్కడ కొన్ని వయల్స్ ఎక్కించుకుని వస్తారు. ఆ సంగతి రిఫరల్ చీటీ మీద ఉంటుంది. చీటీని గుండుసూదితో షీటు వెనక గుచ్చుతారు, అది చాలాసార్లు ఊడిపోతుంది. పీజీలు ముందు పేజీలు చూసి రాసుకెళ్తారు. వెనక చీటీ తిప్పి చూసినవాళ్ళు నాకు తెలిసి తక్కువ. కాబట్టి పది వయల్స్ అని రాసినచోట అసలు పద్దెనిమిది ఎక్కి ఉండొచ్చు.

రెండోది. ఇన్‌పేషెంటు రికార్డులు 3 ఏళ్ళు ఉంచాలని వైద్య మండలి నిబంధన. మెడికో లీగల్ (పోలీసు, కోర్టు సంబంధం ఉన్న) కేసులు వేరే ఉంటాయి. మిగతావి చోటు లేక కొన్నాళ్ళకి తీసేయాల్సి వస్తుంది. పదేళ్ళ కిందటి పాము కాటు రోగి షీటు కావాలని మీరొస్తే నేను ఇవ్వలేను. ఆ రోగి గురించి లోకంలో మిగిలిన ఒకే ఒక్క రాత మీ థీసిస్ చివరి పేజీలో ఉన్న వరస.

పల్నాటి పీజీ
సోమవారం, ఉదయం 8:10

ఈ పోస్టు చదివి వెంటనే నా ఎక్సెల్ తీశాను. వయల్స్ గడిని రెండుగా చీలుస్తున్నాను: ఇక్కడికి రాకముందు, వచ్చాక. చీటీ లేకపోతే 'తెలియదు' అని రాస్తాం, సున్నా రాయం. రికార్డు రూము గారూ, మీరు చెప్పింది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. పట్టీ బయటికి వచ్చినప్పుడు మీ విభాగం పేరు కూడా దాని మీద ఉండాలి.

బెజవాడ నెఫ్రో
సోమవారం, ఉదయం 8:31

తక్కువ డోసు, ఎక్కువ డోసు ఒకటే ఫలితం ఇచ్చాయని తేల్చిన థీసిస్‌లు రెండుమూడు చూశాను. ముందెక్కిన వయల్స్ లెక్కలోకి రాకపోతే ఆ పోలికకే అర్థం మారిపోతుంది. ఆ రెండో గడి కోసమైనా ఈ పని జరగాలి.

బందరు రోడ్డు లాయరు (పరిశోధనల మంచిచెడ్డలు చూసి అనుమతిచ్చే ఒక ఎథిక్స్ కమిటీలో న్యాయ సభ్యురాలు)
సోమవారం, మధ్యాహ్నం 12:45

చట్టం మాట కూడా అవసరం కాబట్టి రాస్తున్నాను.

పాత థీసిస్‌లకి: ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం గుర్తింపు వివరాలు తీసేసిన పాత రికార్డుల మీద, రోగుల్ని మళ్ళీ కలవడం సాధ్యం కానప్పుడు, సమ్మతి మినహాయింపు ఇచ్చే అధికారం ఎథిక్స్ కమిటీకి ఉంది. మినహాయింపు కమిటీ ఇవ్వాలి, పరిశోధకులు తమకి తాము ఇచ్చుకోకూడదు. దరఖాస్తు లేకుండా ఒక్క పేజీ కూడా ఫొటో తీయకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనూ పరిశోధనకీ గణాంకాలకీ మినహాయింపు ఉంది. ఆ డేటాతో ఫలానా మనిషి గురించి నిర్ణయం తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి.

ఇకముందు థీసిస్‌లకి: సమ్మతి పత్రంలో ఇప్పుడే ఒక పేరా చేర్చండి. మా కమిటీకి వచ్చే తెలుగు పత్రాలు చాలావరకు చదివితే చదివినవాళ్ళకే అర్థం కావు. నేను ఇలా రాస్తాను: "మీ పేరు, ఊరు, ఫోను నెంబరు తీసేసి మీ వైద్యం వివరాలను ఇతర డాక్టర్లు, పరిశోధకులు కూడా చూసి నేర్చుకునేలా ఉంచుతాం. మీ ఊరివాళ్ళు చూసినా మిమ్మల్ని గుర్తుపట్టకుండా జాగ్రత్త పడతాం. దీనికి మీరు ఒప్పుకోకపోయినా మీ వైద్యంలో ఏ తేడా రాదు." పక్కన రెండు గడులు. థీసిస్‌కి సమ్మతి ఒకటి, ఇతరులతో పంచుకోడానికి ఒకటి, వేర్వేరుగా.

దివిసీమ రైతుబిడ్డ
సోమవారం, మధ్యాహ్నం 1:20

ఇది అర్థమైంది మేడమ్. పిన్నికి చదివి వినిపించాను, ఆమెకీ అర్థమైంది. ఒక్కటి చేర్చండి: ఆ కాగితం క్యాజువాల్టీలో వద్దు. మనిషి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏది పెట్టినా సంతకం చేస్తాం. గండం గడిచి వార్డుకి మారాక అడగండి.

బందరు రోడ్డు లాయరు
సోమవారం, మధ్యాహ్నం 1:34

సరైన మాట. వచ్చే సమావేశంలో మీ మాటగానే చెప్తాను.

పాత ప్రొఫెసర్
సోమవారం, రాత్రి 7:55

రోజంతా చదివాను. నా షరతులు రెండు. పట్టీలో ప్రతి వరస ఏ థీసిస్ నుంచి వచ్చిందో తెలియాలి, ఆ పీజీ పేరూ గైడు పేరూ పట్టీతోపాటు ఎప్పటికీ ఉండాలి. వాడుకున్నవాళ్ళు దాన్ని ఉదహరించాలి. రెండోది, దీని నుంచి ఏం తేలినా ముందు మన రెండు జిల్లాల పీహెచ్‌సీ డాక్టర్లకి తెలుగులో ఒక పేజీ వెళ్ళాలి.

ఈ రెండూ ఒప్పుకుంటే, నా దగ్గర చేసిన పిల్లలందరికీ నేనే ఫోను చేస్తాను. తోటి గైడులతో కూడా మాట్లాడతాను. వాళ్ళలో కొందరు ముందు కాదంటారు. వాళ్ళకి పేపర్ల లెక్క చెప్పకండి, ఆ వయల్స్ గడి సంగతి చెప్పండి.

పటమట డేటా
సోమవారం, రాత్రి 8:20

మొదటి షరతు తేలికే సార్. యూరప్ పరిశోధన సంస్థ సెర్న్ వాళ్ళు 2013 నుంచి నడుపుతున్న జెనోడో అనే ఆన్‌లైన్ డేటా భాండారంలో పెడితే పట్టీకి శాశ్వత గుర్తింపు సంఖ్య వస్తుంది, పేపరుని ఉదహరించినట్టే డేటానీ ఉదహరించవచ్చు. అడిగినవాళ్ళకి మాత్రమే ఇచ్చే ఏర్పాటు కూడా అందులో ఉంది. కానీ ఒక చిక్కు. వరసతోపాటు థీసిస్ పేరు ఇస్తే ఏ కాలేజీ, ఏ రెండేళ్ళు అన్నది తెలిసిపోతుంది. నేను తేదీలు జరిపి దాచింది మళ్ళీ బయటికొస్తుంది. పేర్లన్నీ పట్టీ మొత్తానికి కలిపి ఒకచోట ఇద్దాం, వరసకి మాత్రం అర్థం లేని ఒక కోడ్ ఇద్దాం. కోడ్ ఏ థీసిస్‌దో చెప్పే తాళం ఎథిక్స్ కమిటీ దగ్గర ఉంటుంది. సరేనా?

పాత ప్రొఫెసర్
సోమవారం, రాత్రి 8:41

నా పీజీల పేర్లు ఉంటే చాలు నాయనా. సరే.

పల్నాటి పీజీ
మంగళవారం, రాత్రి 11:05

ఎథిక్స్ దరఖాస్తు చిత్తు ప్రతి రాశాను, లాయరు మేడమ్‌కి పంపాను. అన్ని థీసిస్‌లూ ఒకేసారి ఎత్తుకోవడం లేదు. అనుమతి వచ్చాక ముందు నాదీ, గైడులు ఒప్పుకున్న ఇంకో రెండూ. వాటిని ఇద్దరు విడివిడిగా టైపు చేస్తారు, తేడా వచ్చిన గడులు మళ్ళీ ప్రింటుతో పోల్చి చూస్తారు. స్టాట్స్ సార్ నిర్వచనాల పట్టిక ఇస్తానన్నారు. గడ్డ పరీక్షకి పాజిటివ్, నెగటివ్ అనే మాటలే ఉండవు. 'గడ్డకట్టింది', 'గడ్డకట్టలేదు', 'చేయలేదు' అంతే.

ఇంకా తేలనిది పాము గుర్తింపు గడి. చచ్చిన పాముని కవర్లో తెచ్చినవాళ్ళున్నారు, ఫొటో చూసి చెప్పినవాళ్ళున్నారు, లక్షణాలు చూసి డాక్టరు ఊహించి రాసినవీ ఉన్నాయి. పాత చార్టుల్లో అన్నిటికీ 'రక్తపింజర' అని ఒకటే మాట. ఎలా తెలిసిందో రాసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి ఇక్కడ చెప్పండి. విజయవాడ వైపు థీసిస్‌లు చేసినవాళ్ళూ ముందు మీ గైడుతో మాట్లాడి నాకు రాయండి.

రికార్డు రూము
బుధవారం, ఉదయం 7:10

డాక్టరమ్మా, పాముని తెచ్చిన కేసుల్లో క్యాజువాల్టీ నర్సు షీటు మొదటి పేజీలో పై మూల 'స్నేక్ బ్రాట్' (పాముని తెచ్చారు) అని ఎర్ర ఇంకుతో రాస్తుంది. గత మూడేళ్ళ షీట్లలో అది దొరుకుతుంది. కమిటీ ఉత్తరం వచ్చాక ఐపీ నెంబర్లు సంవత్సరం వారీగా వరసలో రాసి పంపండి, కలగాపులగంగా ఇస్తే కట్టలు విప్పలేను. రిఫరల్ చీటీలు ఊడిపోయినవి ఒక అట్టపెట్టెలో వేసి ఉంచాను, అవి కూడా తీసి పెడతాను.